ముందు ఏడాది లాటిన్, ఆ తర్వాతే వీసా మాట

ప్రశ్న: మేడమ్, నేను హనుమకొండలో ఎంఏ హిస్టరీ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం. మన దేశంలో ఫ్యూడలిజం (భూస్వామ్య వ్యవస్థ) ఉందా లేదా అనే పాఠం కోసం ఫ్రెంచి చరిత్రకారుడు మార్క్ బ్లాక్‌ను చదవడం మొదలుపెట్టాను. అక్కణ్నుంచి, 14వ శతాబ్దంలో ప్లేగు వచ్చిపోయాక ఇంగ్లండు రైతులు ఎలా బతికారన్న విషయం మీదికి వెళ్లిపోయాను. ఇప్పుడు వేరే ఏదీ చదవబుద్ధి కావడం లేదు. మధ్యయుగ యూరప్ చరిత్రే నా వృత్తి కావాలని ఉంది. నాన్న జేఎల్ (జూనియర్ లెక్చరర్), గ్రూప్స్ రాయమంటున్నారు. మా సార్ ‘కాకతీయులు మన గుమ్మంలో ఉండగా అంత దూరం ఎందుకమ్మా’ అన్నారు. అన్నయ్య మాత్రం ఉన్న రెండెకరాలు అమ్మయినా ఇంగ్లండ్ పంపిస్తానంటున్నాడు. నాకు లాటిన్ రాదు. అసలు ఇది మనలాంటివాళ్లకు దొరికే జీవితమేనా? ఒకటే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అందరికంటే ముందు జవాబు చెప్పాల్సింది మీ అన్నయ్యకు. ఆ రెండెకరాలు అమ్మొద్దని చెప్పండి. చెల్లెలి చదువు కోసం అంత మాట అన్నాడంటే నాకు చాలా సంతోషమేసింది. కానీ ఈ చదువుకు సొంత డబ్బు పెట్టకూడదు. బ్రిటన్‌లో ఏడాది మాస్టర్స్ చేయడానికి విదేశీ విద్యార్థి కట్టే ఫీజు, ఇంటద్దె, తిండి ఖర్చు కలిపితే 30 లక్షల రూపాయలు దాటుతుంది. పోనీ ఆ డిగ్రీ చేతికొచ్చాక దానితో నేరుగా వచ్చే ఉద్యోగం ఉందా అంటే లేదు. కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్లు అప్పు తీర్చే లెక్క ఇక్కడ పనికిరాదు. మాస్టర్స్ తర్వాత పీహెచ్‌డీ, దాని తర్వాత ఏడాదికో రెండేళ్లకో ముగిసే కాంట్రాక్టులు, అవన్నీ గడిచాక ఎక్కడో ఒక పర్మనెంట్ పోస్టు. పొలం అమ్మిన డబ్బు మొదటి మెట్టు మీదే అయిపోతుంది.

స్కాలర్‌షిప్ వస్తేనే వెళ్లండి. ఒక విశ్వవిద్యాలయం మిమ్మల్ని మూడేళ్లో అయిదేళ్లో డబ్బిచ్చి చదివిస్తోందంటే, ఈ అమ్మాయి ఈ పని పూర్తి చేస్తుందని ఆ రంగం తెలిసినవాళ్లు నమ్మారన్నమాట. తర్వాత ఉద్యోగాలకు అప్లై చేసినప్పుడు కూడా, ఎవరి డబ్బుతో చదివారన్నది చూస్తారు. ఫండింగ్ రాకపోతే మళ్లీ ఏడాది ప్రయత్నించండి. అప్పుడూ రాకపోతే దారి మార్చుకోండి. ఈ ఒక్క విషయంలో నేను మొండిగా ఉంటాను. సొంత డబ్బుతో వెళ్లి మధ్యలో ఆగిపోయినవాళ్లను దగ్గరగా చూశాను. వాళ్లలో తెలివి తక్కువవాళ్లు ఎవరూ లేరు.

ఇక మీ సార్ అన్న మాట. ఆయన మీ మేలు కోరే అన్నారు. కాకతీయుల మీద జరగాల్సిన పని ఇంకా బోలెడుంది. కానీ దూరం గురించి ఆయన చెప్పినదాంతో నేను ఏకీభవించను. మధ్యయుగ ఆంధ్రదేశం మీద పనిచేసే ఎవరైనా ఇవాళ తప్పక చూసే పరిశోధనల్లో సింథియా టాల్బట్‌ది ఒకటి. అమెరికాలో, టెక్సస్ విశ్వవిద్యాలయంలో చరిత్ర చెప్పిన ఆవిడ, మన శాసనాలను వందలకొద్దీ చదివి, దానాలు చేసినవాళ్లెవరు, ఏ గుడికి ఏమిచ్చారు, తమ గురించి ఏమని చెప్పుకున్నారు అని లెక్క తీసి 2001లో పుస్తకం తెచ్చారు. ఆవిడకు ఓరుగల్లు ఎంత దూరమో, మీకు ఇంగ్లండ్ అంతే దూరం. వాళ్లు మన చరిత్ర రాస్తే ఎవరూ ఆశ్చర్యపోనప్పుడు, మనం వాళ్ల చరిత్ర రాయడంలో వింతేముంది?

పైగా మీ సార్ చెప్పిన కాకతీయులూ మీరు కోరుకున్న యూరపూ కలిసే చోటు ఒకటుంది. బాపట్ల జిల్లా మోటుపల్లి. ఓడ బద్దలై ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును రాజు లాక్కోడనీ, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాడనీ గణపతిదేవుడు సముద్ర వర్తకులకు మాట ఇస్తూ 1244 ప్రాంతంలో అక్కడ అభయశాసనం వేయించాడు. అదే శతాబ్దం చివర్లో వెనిస్ వర్తకుడు మార్కో పోలో ఈ రాజ్యం గురించి చెప్పాడు. వజ్రాలు, సన్నటి బట్టలు, న్యాయంగా ఏలే ఒక రాణి. ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారులు గుర్తించారు. కానీ పోలో ఆమెను చనిపోయిన రాజుగారి భార్య అన్నాడు. మన శాసనాలు గణపతిదేవుడి కూతురంటాయి. ఆ పొరపాటు ఎక్కడ పుట్టింది? ఓడరేవులో ఎవరో చెప్పిన కబురులోనా, దాన్ని రాసుకున్న చేతిలోనా? పోలో పుస్తకం మూలప్రతి మనకు దక్కలేదు. దొరికినవి వందకు పైగా చేతిరాత ప్రతులు. ఫ్రెంచి కలిసిన ఇటాలియన్‌లో కొన్ని, లాటిన్‌లో కొన్ని, వెనిస్ మాండలికంలో కొన్ని. ఒకదానిలో ఉన్న వాక్యం ఇంకోదానిలో ఉండదు. వాటిని పక్కపక్కన పెట్టి చదవగలిగి, మన శాసనమూ చదవగలిగిన మనిషి ఉంటే ఆ ప్రశ్న మీద ఏదో ఒకటి తేలుతుంది. అలా రెండువైపులా చదవగలిగినవాళ్లు ఎక్కడైనా తక్కువే.

అయితే ఈ ఉదాహరణ చెప్పానని మీరు మీ రైతులను వదిలేసి మార్కో పోలో వెంట పడొద్దు. ఇండియా నుంచి వెళ్లినవాళ్లను ‘ఇండియాతో సంబంధమున్న టాపిక్ తీసుకోరాదా’ అని మెల్లగా అటు నెట్టడం అక్కడ జరుగుతుంటుంది. ఖండాల మధ్య రాకపోకల మీద ఇప్పుడు ఆసక్తి బాగా పెరిగింది. మీకు నిజంగా ఇష్టమైతే అది గొప్ప రంగమే. కైరోలోని యూదుల ప్రార్థనాలయంలో దొరికి, ఇప్పుడు ఎక్కువ భాగం కేంబ్రిడ్జిలో ఉన్న గెనీజా కాగితాల్లో, 12వ శతాబ్దంలో మంగళూరులో కాపురమున్న వర్తకుడు అబ్రహాం బెన్ యీజూ ఉత్తరాలు కూడా ఉన్నాయి. కానీ ఇంగ్లండు పల్లె మీద రాయడానికి ఇంగ్లండులో పుట్టినవాళ్లకు ఎంత హక్కుందో మీకూ అంతే ఉంది.

ఇప్పుడు ఆ పల్లె దగ్గరికే వద్దాం. ఇష్టపడిన పని రోజువారీగా ఎలా ఉంటుందో తెలియకుండా నిర్ణయం తీసుకోకూడదు.

మీకు నచ్చిన 14వ శతాబ్దపు రైతు తన చేత్తో ఏమీ రాసిపెట్టలేదు. ఆయన మనకు కనిపించేది ఎక్కువగా దొర కోర్టు రికార్డుల్లో. మేనర్ అనే జాగీరులో కొన్ని వారాలకోసారి దొర తరఫున కోర్టు కూర్చునేది. ఎవరి ఎద్దు ఎవరి చేలో పడింది, ఏ ఆడమనిషి నిబంధన తప్పి ఏల్ అనే బీరు కాచి అమ్మింది, ఎవరు వెట్టికి రాలేదు, ఎవరి కూతురి పెళ్లికి దొరకు మర్చెట్ అనే రుసుము కట్టారు, ఏ కౌలుదారు చనిపోతే హెరియట్ కింద ఆ ఇంట్లోని మంచి పశువును దొర మనుషులు తోలుకుపోయారు – ఇదంతా గుమస్తా గొర్రెతోలు మీద రాసి చుట్ట చుట్టి పెట్టేవాడు. తెలంగాణ పల్లెలో పెరిగిన మీకు ఇందులో సగం మాటలు వివరించనక్కర్లేదు. 1348, 49లో ప్లేగు వచ్చినప్పటి చుట్టల్లో ఆ హెరియట్ల వరస ఉన్నట్టుండి పొడుగవుతుంది. పేరు తర్వాత పేరు, చనిపోయారు, చనిపోయారు అని. యూరప్ మొత్తంలో మూడో వంతు నుంచి సగం దాకా జనం పోయారని చరిత్రకారులు అంచనా కట్టడానికి ఇలాంటి కాగితాలే ఒక ఆధారం. పనిచేసే చేతులు తగ్గి కూలి పెరగబోతే, పెరగకూడదని 1349లో ఆర్డినెన్సు, 1351లో చట్టం తెచ్చారు. 1381లో తిరుగుబాటు లేచినప్పుడు రైతులు చాలాచోట్ల ఈ కోర్టు చుట్టలనే బయటికి లాగి తగలబెట్టారు. ఆ కాగితాల్లో తమ బానిసత్వం రాసి ఉందని వాళ్లకు తెలుసు. మన సాయుధ పోరాటంలో అప్పు పత్రాలు ఎందుకు కాల్చారో తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఇలా పోల్చి చూడగలగడం మీ బలం. దాన్ని దాచుకోవద్దు.

ఈ రికార్డులు లాటిన్‌లో ఉంటాయి. అది కూడా నిండు మాటల్లో ఉండదు. తోలు ఖరీదు, గుమస్తాకు తొందర. అందుకని మాటలో సగం అక్షరాలు వదిలేసి పైన చిన్న గీత పెట్టేవాడు. ఏ గీత ఏ అక్షరాలకు గుర్తో నేర్చుకోవడం పేలియోగ్రఫీ అనే వేరే చదువు. తేదీ కూడా సూటిగా ఉండదు. ‘మూడో ఎడ్వర్డ్ ఏలుబడి 23వ ఏడు, ఫలానా సెయింట్ పండగ తర్వాతి మంగళవారం’ అని రాస్తారు. శక సంవత్సరం, తిథి, వారం చూసి మన శాసనానికి తేదీ కట్టడం మీరు ఎంఏలో చూసే ఉంటారు, పద్ధతి అదే. ఇలాంటి చుట్టలతో వారాల తరబడి కూర్చుని, ఒక్కో పేరూ కార్డు మీదో కంప్యూటర్‌లోనో ఎక్కించి, ఒక కుటుంబం 40 ఏళ్లలో ఏమైందో కట్టుకుంటూ రావడం మీరు కోరుకుంటున్న పని. కథలు చదవడంలో ఉన్న హాయి ఇందులో రోజూ ఉండదు. కానీ ఈ పని పట్టుకున్నవాళ్లను వదలదు.

అందుకే నా సలహా అంతా ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. ఇంగ్లండా, జేఎలా అని ఇప్పుడే తేల్చుకోవద్దు. ఒక ఏడాది లాటిన్ నేర్చుకోండి, అప్పుడు తేల్చుకోండి. రోజుకు గంట చాలు, కానీ రోజూ కూర్చోవాలి. ఏడాది తర్వాత కూడా కూర్చోబుద్ధి అవుతోందంటే మీ కోరిక గట్టిదే. ఆరో నెలలో పుస్తకం అటకెక్కిందంటే, ముప్ఫై లక్షలు పోసి తెలుసుకోవాల్సిన సంగతి ఇంట్లోనే తెలిసిందని సంతోషించండి.

అది కొండ అనుకోవద్దు. మన ఇంటర్ పిల్లల్లో చాలామంది సెకండ్ లాంగ్వేజ్‌గా సంస్కృతం తీసుకుంటారు. మీరూ తీసుకుని ఉంటే ఆ శబ్దాలు గుర్తు చేసుకోండి. లాటిన్‌లోనూ విభక్తిని బట్టి పదం చివర మారుతుంది, క్రియ తరచూ వాక్యం చివరికి వస్తుంది. ఇంగ్లిషు పిల్లలు తికమకపడే చోట తెలుగు పిల్లలకు అంత కష్టమనిపించదు. మొదట మామూలు వ్యాకరణం ఒకటి పూర్తి చేయండి. తర్వాత బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లో 1086 నుంచి 1733 వరకు వాడిన రికార్డుల లాటిన్‌ను మొదటి నుంచి నేర్పే ఉచిత పాఠాలున్నాయి, అవి చూడండి. మీకు కావాల్సింది కచ్చితంగా ఆ లాటినే. చదవడానికి మూలాలకు కొదవలేదు. జర్మనీలో 1819లో మొదలైన మోనుమెంటా జెర్మానియే హిస్టోరికా సంస్థ అచ్చువేసిన మధ్యయుగ మూలాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. స్విట్జర్లాండ్, ఫ్రాన్స్, వాటికన్ గ్రంథాలయాల చేతిరాత ప్రతులు ఫొటోలుగా హనుమకొండలో మీ ఫోన్‌లోనే తెరుచుకుంటాయి. ఇప్పుడు చేతిరాత చదివే సాఫ్ట్‌వేర్లు కూడా వచ్చాయి, లాటిన్ ఎందుకని ఎవరైనా అంటారు. యంత్రం ఇచ్చిన పాఠంలో తప్పు ఎక్కడుందో పట్టుకోవాలన్నా భాష రావాల్సిందే. టొరంటోలోని మధ్యయుగ అధ్యయన కేంద్రంలో లాటిన్ పరీక్ష గట్టెక్కకుండా పీహెచ్‌డీ రాదు. తర్వాతెప్పుడో ఫ్రెంచి, జర్మన్ చదివి అర్థం చేసుకునేంత అవసరమవుతాయి. వాటి గురించి ఇప్పుడే బెంగ వద్దు.

లాటిన్ కంటే నాకు ఎక్కువ ఆలోచనగా ఉన్నది మీ ఇంగ్లిషు. ఐఈఎల్‌టీఎస్‌లో స్కోరు రావడం వేరు, ఇరవై పేజీల వాదనను ఇంగ్లిషులో నిలబెట్టడం వేరు. అప్లికేషన్‌లో రైటింగ్ శాంపిల్ అని అడిగేది దాన్నే, ప్రొఫెసర్లు మార్కుల మెమో కంటే ముందు చదివేదీ దాన్నే. మీకు తెలిసిన చర్చనే తీసుకోండి. చరిత్రకారుడు ఆర్.ఎస్. శర్మ 1965లో భారతదేశంలోనూ ఫ్యూడలిజం ఉందన్నారు. మరో చరిత్రకారుడు హర్బన్స్ ముఖియా 1981లో అచ్చయిన వ్యాసంలో అసలు ఉందా అని అడిగారు. ఆ మధ్యలో, 1974లో, ఎలిజబెత్ బ్రౌన్ అనే అమెరికన్ చరిత్రకారిణి ఇంకో అడుగు ముందుకేసి, యూరప్‌లోనే ఫ్యూడలిజం అనే చట్రం పనికిరాదు, వదిలేద్దామన్నారు. 1994లో సూసన్ రేనాల్డ్స్ ఆ వాదాన్ని పెద్ద గ్రంథంగా నిలబెట్టారు. మన డిగ్రీ పాఠాల్లో మాత్రం పైన రాజు, కింద సామంతులు, అడుగున రైతులు ఉన్న పిరమిడ్ బొమ్మ ఇంకా అలాగే ఉంది. యూరప్‌వాళ్లే అనుమానించిన నమూనాను మనం మన చరిత్రకు కొలతగా పెట్టుకుంటే ఏమవుతుంది? ఈ ప్రశ్న మీద మీరు రాసే వ్యాసానికి, ఇంగ్లండులోనే చదువుకున్న విద్యార్థి దగ్గర లేని సరుకు ఉంటుంది. ఎంఏ డిసర్టేషన్ మీ చేతిలోనే ఉంది కదా, అక్కడే మొదలుపెట్టండి.

ఇక ఉద్యోగం. దీన్ని తీపి చేసి చెప్పను.

బ్రిటన్‌లో పీహెచ్‌డీ మూడు నాలుగేళ్లు. అమెరికాలో ఆరేడేళ్లు, మొదటి రెండు మూడేళ్లు క్లాసులూ పరీక్షలే. ఆ తర్వాత పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ అయ్యాక చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం. బ్రిటిష్ అకాడమీ, లెవర్‌హ్యూమ్ ట్రస్టు ఇచ్చే మూడేళ్ల ఫెలోషిప్‌లు అందరూ కోరుకునేవి, కొద్దిమందికే వచ్చేవి. ఈలోగా థీసిస్‌ను పుస్తకంగా తిరగరాయాలి, జర్నల్స్‌లో వ్యాసాలు రావాలి. అమెరికాలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరితే ఆరేళ్ల తర్వాత మీ పుస్తకం, పాఠాలు, సహోద్యోగుల అభిప్రాయం చూసి టెన్యూర్ (శాశ్వత ఉద్యోగం) ఇస్తారు, లేదా వెళ్లిపొమ్మంటారు. జర్మనీలో పీహెచ్‌డీ తర్వాత మరో పెద్ద పరిశోధన రాయడం ఇప్పటికీ మామూలే. దొరికేవాళ్లకు కూడా పర్మనెంట్ ఉద్యోగం చాలాసార్లు ముప్ఫై అయిదు దగ్గరపడ్డాకే దొరుకుతుంది. ఈ మధ్యలో ఊరు మారాలి, దేశం మారాలి, వీసా మారాలి. పెళ్లి, పిల్లలు, పెద్దవాళ్ల ఆరోగ్యం ఆ ఏళ్లలోనే వస్తాయి. ఆ భారం ఆడపిల్లల మీద ఎంత పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఆ పోస్టులు కూడా తగ్గుతున్నాయి. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత అమెరికాలో చరిత్ర అధ్యాపకుల ప్రకటనలు దాదాపు సగానికి పడిపోయి, మళ్లీ పాత స్థాయికి రాలేదు. వాటిలో మధ్యయుగ యూరప్‌కు వచ్చేవి ఏటా వేళ్లమీద లెక్కపెట్టేన్ని. బ్రిటన్‌లో హ్యుమానిటీస్ విభాగాలు కుదించడం వార్తల్లో చూస్తూనే ఉన్నాం. 2025లో కొన్ని పెద్ద అమెరికన్ విశ్వవిద్యాలయాలు ఆ సబ్జెక్టుల్లో పీహెచ్‌డీ సీట్లకే కోత పెట్టాయి. ఉద్యోగం దొరికిన మధ్యయుగ చరిత్రకారులు కూడా తమ 14వ శతాబ్దాన్నే చెప్పుకుంటూ కూర్చోరు. చిన్న కాలేజీలో రోమ్ పతనం నుంచి మత సంస్కరణ దాకా వెయ్యేళ్లు ఒక్కరే చెప్పాలి, కొన్నిచోట్ల ఇస్లాం ప్రపంచం కూడా. ఇది మీకు కలిసొచ్చే విషయం. భారతదేశం, హిందూ మహాసముద్రం కూడా చెప్పగలనన్న అభ్యర్థికి చిన్న విభాగాల్లో విలువుంటుంది. టాపిక్ విషయంలో మిమ్మల్ని ఇండియావైపు నెట్టనివ్వొద్దన్నాను. పాఠాల విషయంలో మాత్రం ఆ సామర్థ్యం ఉంచుకోండి.

మనలాంటివాళ్లకు దొరుకుతుందా అని అడిగారు. ఐలీన్ పవర్ గురించి చెబుతాను. మధ్యయుగ సన్యాసినుల మఠాల మీద, ఉన్ని వర్తకం మీద, మామూలు మనుషుల జీవితాల మీద రాసిన ఇంగ్లిషు చరిత్రకారిణి. కేంబ్రిడ్జిలో ఫస్ట్ క్లాసులో పాసైనా ఆమెకు డిగ్రీ పట్టా ఇవ్వలేదు. ఆ విశ్వవిద్యాలయం ఆడవాళ్లకు పూర్తి డిగ్రీలు ఇవ్వడం 1948లో మొదలైంది. అప్పటికి ఆమె చనిపోయి ఎనిమిదేళ్లు. అయినా లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరి 1931లో ప్రొఫెసర్ అయ్యారు. 1920–21లో ఒక ట్రావెలింగ్ ఫెలోషిప్ మీద మన దేశానికీ చైనాకూ వచ్చి వెళ్లారు. మీరు చదివిన బ్లాక్ కూడా 1919 నుంచి 1936 దాకా స్ట్రాస్‌బర్గ్‌లోనే పాఠాలు చెప్పారు. పారిస్‌లో కొలేజ్ ద ఫ్రాన్స్ అనే పెద్ద విద్యాసంస్థకు ప్రయత్నించి దక్కించుకోలేకపోయారు. 1944లో నాజీలు ఆయన్ను కాల్చి చంపారు. ఈ వృత్తి ఎవరికీ తేలిగ్గా దొరకలేదు. మీకు దొరుకుతుందని నేను హామీ ఇవ్వలేను. మీరు పనికిరారని మాత్రం ఎవరూ అనలేరు.

డబ్బు దొరికే దారులు చెబుతాను. ఆక్స్‌ఫర్డ్‌లో చదివించే రోడ్స్ స్కాలర్‌షిప్ ఏటా మన దేశంలో కొద్దిమందికే వస్తుంది. వయసు పరిమితి ఉంది, ముందే చూసుకోండి. కేంబ్రిడ్జికి గేట్స్, ఆక్స్‌ఫర్డ్‌కే క్లారెండన్ స్కాలర్‌షిప్‌లు కూడా ఉన్నాయి. కామన్వెల్త్ స్కాలర్‌షిప్‌లు అభివృద్ధి అంశాలకు ముడిపెట్టి ఇస్తారు కాబట్టి ప్లేగు నాటి రైతుకు అక్కడ చోటు దొరకడం కష్టం. మీ కుటుంబం ఎస్సీ, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తులవాళ్ల కోవలోకి వస్తే కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ చూడండి. 2022లో దాని నిబంధనలు మార్చి భారతదేశ చరిత్ర, సంస్కృతి మీద పరిశోధనకు ఇవ్వబోమన్నారు. అది అన్యాయమని నా అభిప్రాయం. మీ విషయం యూరప్ కాబట్టి ఆ అడ్డు మీకు తగలదు. రాష్ట్ర ప్రభుత్వ విదేశీ విద్యా పథకాల నిబంధనలు కూడా ఆ ఏటి నోటిఫికేషన్‌లో చదవండి.

మనవాళ్లు ఎక్కువగా పట్టించుకోని దారి ఒకటుంది. నార్వే, స్వీడన్, డెన్మార్క్, నెదర్లాండ్స్‌లో పీహెచ్‌డీ అంటే జీతమిచ్చే ఉద్యోగం. ప్రకటన వేస్తారు, అప్లై చేయాలి, ఎంపికైతే కాంట్రాక్టు. యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ డబ్బుతో నడిచే పెద్ద ప్రాజెక్టులు కూడా ఇలాగే పీహెచ్‌డీ విద్యార్థులను తీసుకుంటాయి. వియన్నాలోని సెంట్రల్ యూరోపియన్ యూనివర్సిటీకి మధ్యయుగ చరిత్రలో మంచి పేరుంది. ఇంగ్లిషులోనే బోధిస్తారు, ఆర్థిక సాయం ఇస్తారు. జర్మనీలో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు ఉండదు. ఇంగ్లండ్ రైతుల మీద పని ఇంగ్లండ్‌లోనే చేయాలని లేదు. లీడ్స్‌లో ఏటా జులైలో జరిగే అంతర్జాతీయ మధ్యయుగ మహాసభ కార్యక్రమ పట్టిక ఆన్‌లైన్‌లో పెడతారు. దాన్ని ఓపిగ్గా చదివితే మీ విషయం మీద ఎవరు ఏ ఊళ్లో పనిచేస్తున్నారో తెలుస్తుంది.

మీ నాన్నగారి మాటకు వద్దాం. ఆయన చెప్పిన జేఎల్ రాయండి, అధ్యాపకుల అర్హత పరీక్షలైన నెట్, సెట్ కూడా రాయండి. లాటిన్ గంట పోగా రోజులో ఇంకా చాలా సమయం ఉంటుంది. నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే ఇక్కడే ఫెలోషిప్‌తో పరిశోధనలో చేరవచ్చు. విదేశీ అప్లికేషన్‌లో కూడా అది మంచి గుర్తింపే. గ్రూప్స్ గురించి మాత్రం జాగ్రత్త. ఆ సిలబస్ మీ రోజంతా తినేస్తుంది. సివిల్స్ హిస్టరీ ఆప్షనల్‌లో కూడా ప్రపంచ చరిత్ర 18వ శతాబ్దపు జ్ఞానోదయంతోనే మొదలవుతుంది. మీ రైతులు అందులో ఎక్కడా రారు. ఏడాది టైమివ్వమని నాన్నగారిని అడగండి. ఇంట్లోనే ఉంటాను, జేఎల్ రాస్తాను, ఒక్క రూపాయి అడగను అంటే ఏ తండ్రీ కాదనడు.

ఒకవేళ పీహెచ్‌డీ చేసి, అక్కడ పోస్టు దొరక్క తిరిగొస్తే? ఇక్కడి లిబరల్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయాలు ప్రపంచ చరిత్ర చెప్పగలిగినవాళ్లను తీసుకుంటాయి. మన శ్రీసిటీలో క్రియా యూనివర్సిటీ అలాంటిదే. చేతిరాత ప్రతుల కేటలాగింగ్, ఆర్కైవ్స్, మ్యూజియాలు, ప్రచురణ సంస్థలు ఉన్నాయి. వీటిలో ఏదీ ప్రొఫెసర్ పోస్టుతో సమానమని చెప్పను. కానీ లాటిన్ రికార్డు చదవడం నేర్చిన కన్ను తాళపత్రాల దగ్గరా శాసనాల దగ్గరా కూడా పనిచేస్తుంది. తిరిగొచ్చి కాకతీయుల మీద పనిచేసినా ఆ చదువు మీ వెంటే ఉంటుంది.

చివరగా ఒక పని. రెకమండేషన్ లెటర్ల కోసం మీ సార్‌ను ఇప్పుడే కలవండి. కాకతీయుల మాట అన్నారని ఆయనకు దూరంగా ఉండొద్దు. మిమ్మల్ని బాగా ఎరిగినవారి ఉత్తరానికే విలువ. మీ డిసర్టేషన్‌లో ఒక అధ్యాయం ఇంగ్లిషులో రాసి ఆయన చేతికిచ్చి, ఎక్కడ వాదన నిలబడలేదో గుర్తుపెట్టమని అడగండి. బ్రిటన్‌లో ఫండింగ్ గడువులు చాలావరకు అక్టోబరు నుంచి జనవరి మధ్య పడతాయి, అమెరికావి డిసెంబరులో. ఉత్తరం రాయడానికి ఆయనకు కనీసం రెండు నెలలు ఉండాలి. కాబట్టి వచ్చే ఏడాది అప్లై చేయాలనుకుంటే ఆ అధ్యాయం ఈ వేసవి సెలవుల్లోపు ఆయన టేబుల్ మీద ఉండాలి.